సోలార్, గాలిమరలు పెరుగుతున్న ప్రాంతీయ గ్రిడ్: ప్లాన్ ఎలా వేయాలి, ఎలా నడపాలి

ప్రాంతీయ గ్రిడ్‌కి పదేళ్ళ ప్లాన్ వేయమంటే చాలామంది ముందు గరిష్ఠ డిమాండు చూస్తారు. దానిమీద కొంత రిజర్వు కలిపి, ఇన్ని మెగావాట్లు కావాలని తేల్చేస్తారు. థర్మల్, జల విద్యుత్ యూనిట్లే ఉన్నప్పుడు ఆ లెక్కతో పని జరిగిపోయేది. తిరిగే పెద్ద జనరేటర్ మెగావాట్లతోపాటు ఇంకో మూడు పనులు అడక్కుండానే చేసిపెట్టేది మరి. ఫ్రీక్వెన్సీ ఒక్కసారిగా కూలిపోకుండా ఆపే జడత్వం (తిరిగే బరువులో నిలవున్న శక్తి), వోల్టేజీని నిలబెట్టే రియాక్టివ్ పవర్, షార్ట్ సర్క్యూట్ అయితే రిలేలు (లోపం కనిపెట్టి ఆ భాగాన్ని విడగొట్టే రక్షణ పరికరాలు) గుర్తుపట్టేంత ఫాల్ట్ కరెంట్ దాన్నుంచే వచ్చేవి. సోలార్, కొత్త గాలిమరలు, బ్యాటరీలు ఇన్వర్టర్ల (డీసీని ఏసీగా మార్చే ఎలక్ట్రానిక్ పరికరాల) ద్వారా గ్రిడ్‌లో కలుస్తాయి. వాటితో ఈ మూడూ వాటంతటవి రావు. మామూలు ఇన్వర్టర్ ఫాల్ట్ సమయంలో ఇచ్చేది తన రేటెడ్ కరెంట్‌కి కాస్త ఎక్కువ, అంతే. గ్రిడ్ ఫ్రీక్వెన్సీతో అడుగు కలిపి తిరిగే సింక్రనస్ జనరేటరైతే ఐదారు రెట్లు ఇస్తుంది. అందుకే ప్లాన్‌లో మెగావాట్ల పక్కనే ఈ మూడింటికీ విడివిడిగా లెక్క ఉండాలి. కింద ఇచ్చిన లెక్కలన్నీ 50 హెర్ట్జ్ గ్రిడ్‌కి.

ముందు గంటలు ఎంచుకోండి

ఏడాదిలోని 8,760 గంటలకూ డిమాండులోంచి సోలార్, పవన విద్యుత్ తీసేసి నికర లోడ్ కట్టండి. ఒక్క ఏడాది వాతావరణం చాలదు, కనీసం పదేళ్ళది కావాలి. డిమాండు ఒక ఏడాదిది, గాలి ఇంకో ఏడాదిది తెచ్చి కలిపితే లెక్క మొత్తం చెడుతుంది. వడగాలుల వారంలో ఏసీలు గరిష్ఠంగా ఆడుతున్న సాయంత్రమే గాలి పూర్తిగా పడిపోవచ్చు. ఆ రెండూ కలిసొచ్చిన రోజే మీకు కావలసింది.

అందులోంచి ఐదు రకాల గంటల్ని విడదీయండి: నికర లోడ్ అత్యధికంగా ఉన్నవి, అత్యల్పంగా ఉన్నవి, మూడు గంటల్లో లోడ్ బాగా ఎగబాకినవి, ఎండా గాలీ రెండూ లేని వరస రోజులు, పొరుగు ప్రాంతానికి లైన్ల మీద ప్రవాహం అత్యధికంగా ఉన్నవి. వీటిలో ఎక్కువగా వదిలేసేది రెండోదాన్నే. ఎండ బాగా కాసి, ఉక్కపోత లేని సెలవురోజు మధ్యాహ్నం గ్రిడ్‌లో తిరిగే యంత్రాలు అతి తక్కువగా ఉంటాయి. ఆ గంటకి కూడా పీక్ గంటకి చేసినంత శ్రద్ధగా అధ్యయనం చేయాలి.

సాయంత్రపు ఎగబాకుడిని ఒక ఉదాహరణతో చూద్దాం. మధ్యాహ్నం మూడింటికి డిమాండు 5,800 మెగావాట్లు, సోలార్ 2,900, గాలి 200. నికర లోడ్ 2,700. సాయంత్రం ఆరున్నరకి డిమాండు 6,600, సోలార్ సున్నా, గాలి 300. నికర లోడ్ 6,300. మూడున్నర గంటల్లో 3,600 మెగావాట్లు ఎక్కాలంటే నిమిషానికి సుమారు 17. ఒక్కో 500 మెగావాట్ల థర్మల్ యూనిట్ నిమిషానికి 10 ఎక్కగలిగితే రెండు యూనిట్లు చాలనిపిస్తుంది. చిక్కంతా కనిష్ఠ లోడ్‌తో వస్తుంది. 275 మెగావాట్ల కంటే కిందికి దిగలేని యూనిట్లయితే మధ్యాహ్నం మూడు గంటలప్పుడు తొమ్మిది యూనిట్లకి మించి నడపలేరు. ఆ తొమ్మిదీ నిండుగా ఆడినా సాయంత్రానికి 4,500 దగ్గరే ఆగిపోతారు. 1,800 తక్కువ.

ఇప్పుడు 600 మెగావాట్ల బ్యాటరీ పెట్టి, మధ్యాహ్నం దాన్ని చార్జింగ్‌లో ఉంచండి. నికర లోడ్ 3,300 అవుతుంది, పన్నెండు యూనిట్లు నడపొచ్చు. సాయంత్రానికి యూనిట్ల నుంచి 6,000, బ్యాటరీ నుంచి 600, మొత్తం 6,600. బ్యాటరీ విలువ దాని మెగావాట్లకి మించి ఉండేది ఇందుకే. అయినా మిగులు 300 మాత్రమే, ఒక యూనిట్ ట్రిప్ అయితే పోయేది 500. కాబట్టి జల విద్యుత్తో, పొరుగు గ్రిడ్ నుంచి దిగుమతో, లోడ్ తగ్గించుకునే ఒప్పందమో ఇంకా కావాలి. నీళ్ళ పంపుల్ని, వాహనాల చార్జింగ్‌ని మధ్యాహ్నానికి జరిపినా బ్యాటరీ చార్జింగ్ లాగానే పనిచేస్తుంది, ఖర్చు చాలా తక్కువ. ముందు అది చూడండి.

లైన్లు

ఒక లైన్ గానీ ట్రాన్స్‌ఫార్మర్ గానీ పోయినా మిగతావి ఓవర్‌లోడ్ కాకూడదన్న ఎన్-1 నియమం ఎటూ తప్పదు. కొత్త లైన్‌కి దారి హక్కులు దొరకడానికే ఏళ్ళు పడుతుంది కనుక ఉన్న లైన్ల నుంచి ఎంత రాబట్టొచ్చో ముందు చూడాలి. వాతావరణాన్ని బట్టి రేటింగ్ (లైన్ మోయగలిగే గరిష్ఠ కరెంటు) మార్చుకునే పద్ధతి పవన విద్యుత్ ప్రాంతాలకి బాగా కలిసొస్తుంది. మరలు తిప్పే గాలే తీగల్నీ చల్లబరుస్తుంది కదా. గాలి లేని ఎండ మధ్యాహ్నం మాత్రం రేటింగ్ తగ్గుతుంది, ఆ తగ్గుదలని కూడా ఒప్పుకోవాలి.

ఎక్కువ వేడిని తట్టుకునే తీగలు మార్చడం పొట్టి లైన్లకే లాభం. సుమారు 80 కిలోమీటర్ల లోపు అడ్డొచ్చేది వేడి. అంతకు మించితే వోల్టేజీ పడిపోవడం, 300 దాటితే స్థిరత్వం అడ్డొస్తాయి. పొడవాటి లైన్‌కి తీగ మార్చినంత మాత్రాన ప్రవాహం పెరగదు. తీగ మార్చాక రెండు చివర్లా ఉన్న సీటీలు (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు), ఐసొలేటర్లు, జంపర్లు, వేవ్ ట్రాప్‌ల లాంటి సబ్‌స్టేషన్ పరికరాల రేటింగ్ చూడటం మరచిపోతుంటారు. తీగ 1,500 ఆంపియర్లు మోస్తుంది, సీటీ 800 దగ్గరే ఉంటుంది. పెట్టిన డబ్బంతా ఆ ఒక్క సీటీ దగ్గర ఆగిపోతుంది.

జడత్వం లెక్క

ఆ గంటలో నడిచే ప్రతి సింక్రనస్ యంత్రం ఎంవీఏ (మెగావోల్ట్ ఆంపియర్) రేటింగ్‌ని, సెకండ్లలో చెప్పే దాని జడత్వ స్థిరాంకంతో గుణించి కూడండి. మెగావాట్ సెకండ్లలో మొత్తం వస్తుంది. ట్రిప్ అవుతుందనుకున్న యూనిట్‌ది కలపకండి, అది పోయాక దాని జడత్వం కూడా పోతుంది. తర్వాతి లెక్క తేలిక: 50ని పోయిన మెగావాట్లతో గుణించి, మొత్తం జడశక్తికి రెట్టింపుతో భాగిస్తే సెకనుకి ఎన్ని హెర్ట్జ్ పడుతుందో వస్తుంది.

మొత్తం 50,000 ఉన్నప్పుడు 500 మెగావాట్లు పోతే సెకనుకి 0.25 హెర్ట్జ్. ఫ్రీక్వెన్సీ పడితే కొంత లోడ్‌ని కోసేసే లోడ్ షెడ్డింగ్ రిలేల మొదటి మెట్టు 49.2 దగ్గర ఉంటే అక్కడికి చేరడానికి 3.2 సెకన్లు. ఆ లోపు గవర్నర్లు (టర్బైన్ వేగాన్ని అదుపు చేసే పరికరాలు) ఆవిరి కవాటాలు తెరవడం మొదలుపెడతాయి. సెలవురోజు మధ్యాహ్నం మొత్తం 15,000కి పడిపోతే సెకనుకి 0.83 హెర్ట్జ్, 49.2కి చేరడానికి సెకను కూడా పట్టదు. ఏ టర్బైన్ గవర్నరూ అంత త్వరగా అందుకోలేదు.

మందులు చౌక నుంచి ఖరీదు వైపు ఇలా ఉంటాయి. ఆ గంటల్లో అతి పెద్ద యూనిట్‌నో, అతి పెద్ద దిగుమతి లైన్‌నో తగ్గించి నడపడం, అంటే పోయేదాన్నే చిన్నది చేయడం మొదటిది. అర సెకనులో స్పందించే బ్యాటరీ రెండోది. గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్ (వోల్టేజీని, ఫ్రీక్వెన్సీని తానే నిలబెట్టే ఇన్వర్టర్) ఉన్న బ్యాటరీ మూడోది. ఫ్లైవీల్‌తో (బరువైన చక్రంతో) సింక్రనస్ కండెన్సర్, అంటే టర్బైన్ లేకుండా గ్రిడ్‌తో కలిసి ఊరికే తిరిగే యంత్రం, నాలుగోది. కండెన్సర్ ఖరీదైనా ఫాల్ట్ కరెంట్, వోల్టేజీ అదుపు కూడా ఇస్తుంది, బలహీనమైన మూలల్లో దానికి సాటి తక్కువ. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం 2021లో ఇలాంటి కండెన్సర్లు నాలుగు పెట్టింది.

ప్లాంటు సెట్టింగులు కాగితం మీద తీసుకోండి

దక్షిణ ఆస్ట్రేలియా ఆ కండెన్సర్లు పెట్టడం వెనక పెద్ద అనుభవమే ఉంది. 2016 సెప్టెంబర్ 28న తుపాను గాలులకి లైన్లు కూలి, రెండు నిమిషాల్లో ఆరుసార్లు వోల్టేజీ పడింది. కొన్ని విండ్ ఫారాల్లో, తక్కువ సమయంలో ఇన్నిసార్లు వోల్టేజీ పడితే ఆగిపోవాలన్న సెట్టింగ్ ఉంది. గ్రిడ్ నడిపేవాళ్ళకి ఆ సంగతి తెలియదు, వాళ్ళ కంప్యూటర్ మోడళ్ళలో అది లేదు. ఏడు సెకన్లు కూడా గడవకముందే 456 మెగావాట్లు పోయాయి. ఆ భారమంతా పక్క రాష్ట్రం నుంచి వచ్చే హేవుడ్ లైన్ మీద పడి అదీ ట్రిప్ అయింది. రాష్ట్రమంతా చీకటి.

బ్రిటన్‌లో 2019 ఆగస్టు 9న పిడుగు పడ్డాక హార్న్‌సీ విండ్ ఫారం, లిటిల్ బార్‌ఫోర్డ్ గ్యాస్ ప్లాంటు దాదాపు ఒకేసారి ట్రిప్ అయ్యాయి. వాటికి తోడు పంపిణీ లైన్ల మీదున్న వందల చిన్న జనరేటర్లు తమ రిలేల వల్ల తామే విడిపోయాయి. ఫ్రీక్వెన్సీ 48.8కి జారింది, పది లక్షలకి పైగా వినియోగదారులకి కరెంటు పోయింది. అక్కడి పాత రిలేలు సెకనుకి 0.125 హెర్ట్జ్ మార్పుకే ట్రిప్ అయ్యేలా ఉండేవి.

కాబట్టి ప్రతి ప్లాంటు నుంచీ ఇవి రాతపూర్వకంగా తీసుకోవాలి: ఎంత వోల్టేజీకి ఎంతసేపు నిలబడుతుంది, వరసగా ఎన్నిసార్లు నిలబడుతుంది, సెకనుకి ఎంత ఫ్రీక్వెన్సీ మార్పుకి విడిపోతుంది, ఫాల్ట్ తొలగాక ఎన్ని మిల్లీసెకన్లలో పూర్తి ఉత్పత్తికి వస్తుంది. కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ మారిన ప్రతిసారీ మళ్ళీ అడగాలి. షార్ట్ సర్క్యూట్ నిష్పత్తి (ప్లాంటు సామర్థ్యంతో పోలిస్తే అక్కడి గ్రిడ్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) 3 కంటే తక్కువ ఉన్న సబ్‌స్టేషన్ బస్‌బార్ మీద కొత్త ప్లాంటు వస్తుంటే మామూలు లోడ్ ఫ్లో, స్టెబిలిటీ అధ్యయనాలు చాలవు. తయారీదారు ఇచ్చిన అసలు మోడల్‌తో ఈఎమ్‌టీ (మైక్రోసెకన్ల స్థాయి మార్పుల్ని కూడా చూసే కంప్యూటర్) అధ్యయనం చేయించాలి.

వోల్టేజీ పెరగడం కూడా ప్రమాదమే

లోడ్ తక్కువగా ఉన్న పొడవాటి లైన్ తానే రియాక్టివ్ పవర్ పుట్టిస్తుంది. 200 కిలోమీటర్ల 400 కేవీ లైన్ ఖాళీగా ఉంటే వంద మెగావార్లకి (రియాక్టివ్ పవర్ కొలమానం) పైనే. దాన్ని పీల్చుకునే యంత్రం ఒకటి అధిక వోల్టేజీతో ట్రిప్ అయితే వోల్టేజీ ఇంకా పెరుగుతుంది, తర్వాతది ట్రిప్ అవుతుంది, గొలుసు మొదలవుతుంది. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ గ్రిడ్ కూలింది ఇలాగే. అక్కడ చాలా సౌర, పవన ప్లాంట్లు వోల్టేజీని సరిదిద్దే పద్ధతిలో గాక స్థిరమైన పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే రియాక్టివ్ పవర్‌ని ఉత్పత్తికి ఒకే నిష్పత్తిలో ఉంచుతూ, నడుస్తుండేవి.

ఇన్వర్టర్ ప్లాంట్లన్నిటినీ వోల్టేజీ కంట్రోల్ మోడ్‌లో పెట్టించండి, రాత్రి ఉత్పత్తి లేనప్పుడు కూడా. రియాక్టర్లు (మిగులు రియాక్టివ్ పవర్‌ని పీల్చుకునే కాయిల్స్) స్విచ్ చేయగలిగేవి కావాలి. ప్లాంటు ట్రిప్ సెట్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏ వైపున కొలుస్తోందో అడగండి. 400 కేవీ వైపు పరిమితిలోనే ఉన్నా, ట్యాప్ ఛేంజర్ (ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ నిష్పత్తిని మార్చే పరికరం) కదలడానికి పదుల సెకన్లు పట్టేలోపు లోపలి వైపు హద్దు దాటి ప్లాంటు విడిపోతుంది.

కంట్రోల్ రూమ్‌లో

సోలార్ అంచనాని ఒక్క అంకెగా తీసుకోకండి, హెచ్చుతగ్గుల పట్టీతో సహా తీసుకుని దాని వెడల్పుకి తగ్గట్టు రిజర్వు మార్చండి. మేఘాలు లేని రోజుకీ, మబ్బులు పరిగెడుతున్న రోజుకీ ఒకే రిజర్వు పెట్టడం ఒకరోజు వృథా, ఇంకోరోజు ప్రమాదం. 5 శాతం డ్రూప్ ఉన్న, అంటే ఫ్రీక్వెన్సీ 5 శాతం పడితే పూర్తి సామర్థ్యమంతా పెంచేలా గవర్నర్ పెట్టిన 500 మెగావాట్ల యూనిట్, ఫ్రీక్వెన్సీ 0.1 హెర్ట్జ్ పడితే 20 మెగావాట్లు ఇవ్వాలి. ఎప్పటికప్పుడు రికార్డు తీసి నిజంగా ఇస్తోందా చూడండి. కవాటాలు పూర్తిగా తెరిచి నడిపే యూనిట్ కాగితం మీద రిజర్వు చూపిస్తుంది గానీ ఒక్క మెగావాట్ ఇవ్వదు. బ్యాటరీకి 100 మెగావాట్ల రిజర్వు అరగంటకి రాస్తే, లోపల కనీసం 50 మెగావాట్ అవర్లు ఎప్పుడూ మిగిలి ఉండాలి. సాయంత్రపు అమ్మకంలో ఆ అడుగు భాగం కూడా పోకుండా షెడ్యూల్‌లోనే తాళం వేయాలి.

లోడ్ షెడ్డింగ్ రిలేలు కోసే ఫీడర్ల (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకి, వీధులకి పోయే లైన్ల) జాబితా ఏటా సరిచూడాలి. రూఫ్‌టాప్ సోలార్ ఎక్కువున్న ఫీడర్ మధ్యాహ్నం సబ్‌స్టేషన్‌కే ఎదురు కరెంటు పంపుతుంటే, దాన్ని కోయడమంటే లోడ్ బదులు ఉత్పత్తిని కోయడం. ఫ్రీక్వెన్సీ ఇంకా పడుతుంది. ప్రవాహ దిశ చూసి, ఎదురు తిరిగినప్పుడు తనంతట తాను ట్రిప్‌ని ఆపుకునే రిలేలు పెట్టాలి. గ్యాస్ కంప్రెసర్లు, బొగ్గు కన్వేయర్లకి పోయే ఫీడర్లు జాబితాలో ఉండకూడదు. 2021 ఫిబ్రవరి చలిలో టెక్సస్‌లో గ్యాస్ సరఫరా చేసే కేంద్రాలకే కరెంటు పోయి, వాటి మీద ఆధారపడ్డ విద్యుత్ ప్లాంట్లకి ఇంధనం తగ్గింది.

అంతా పోయాక మళ్ళీ నిలబెట్టడం

బ్లాక్ స్టార్ట్‌కి (బయటి కరెంటు లేకుండా గ్రిడ్‌ని మళ్ళీ మొదలుపెట్టడానికి) చిన్న జల విద్యుత్ యూనిట్లు మంచివి, గ్రిడ్ ఫార్మింగ్ బ్యాటరీలూ పనికొస్తాయి. పొడవాటి ఖాళీ లైన్‌ని చార్జ్ చేసేముందు జనరేటర్ వోల్టేజీ తగ్గించి, దూరపు చివర రియాక్టర్ వేసి ఉంచండి. లోడ్ ఒక్కో విడతకి నడుస్తున్న సామర్థ్యంలో 5 శాతం మించకూడదు, 100 మెగావాట్ల యూనిట్‌కి 5 మెగావాట్లు. గంటల తరబడి కరెంటు లేని ఫీడర్ మామూలుకి రెట్టింపు లాగొచ్చు. ఫ్రిజ్‌లు, ఏసీలు, పంపులన్నీ ఒకేసారి మొదలవుతాయి గనక 2.5 మెగావాట్ల ఫీడర్‌ని 5 అనుకోవాలి. పగలైతే ఇంకో సంగతి కూడా ఉంది. రూఫ్‌టాప్ ఇన్వర్టర్లు వోల్టేజీ వచ్చాక సాధారణంగా ఐదు నిమిషాలు ఆగి కలుస్తాయి. ఫీడర్ ముందు పూర్తి లోడ్ లాగి, ఐదో నిమిషంలో ఒక్కసారిగా తేలికైపోతుంది. పది ఫీడర్లని ఒకేసారి కలిపితే పదీ ఒకేసారి తేలికై ఫ్రీక్వెన్సీ పైకి తన్నుతుంది.

సబ్‌స్టేషన్ డీసీ బ్యాటరీలు, కమ్యూనికేషన్ టవర్ల బ్యాటరీలు ఎన్ని గంటలు వస్తాయో నిజంగా డిశ్చార్జ్ చేసి కొలవండి. బ్యాటరీ దిగిపోతే బ్రేకర్ మూయడానికి మనిషి వెళ్ళాలి, ఫోన్ కూడా పనిచేయదు. బ్లాక్ స్టార్ట్ పరీక్ష డీజిల్ ఇంజన్ స్టార్ట్ అయ్యిందని రాసేసి ముగించకండి. పక్క ప్లాంటు దాకా లైన్ చార్జ్ చేసి, అక్కడి బాయిలర్ ఫీడ్ పంపు మోటార్ తిరిగేదాకా వెళ్ళాలి. ఆ పెద్ద మోటార్ స్టార్టింగ్ కరెంట్ దగ్గరే ఎక్కువ పరీక్షలు ఆగిపోతాయి.