పక్కింటి పూలమడిలో మన పిల్లి తవ్వకుండా

మన పిల్లి పక్కింటి పూలమడిలో మట్టి గీకి పాడుచేస్తోందని మాటలు పడుతుంటే ఇలా చేసి చూడండి. మలమూత్రాలకు పిల్లికి కావాల్సింది పొడిగా, గుల్లగా ఉన్న మట్టి. అది మన దగ్గరే దొరికితే గోడ దూకే పని చాలావరకు తప్పుతుంది.

పెరట్లో సందడి లేని మూలన, పిల్లి చుట్టూ తిరగగలిగేంత వెడల్పాటి తొట్టిలో 10 సెంటీమీటర్ల మందాన పొడి ఇసుక పోయండి. గ్లవ్స్ వేసుకుని, అది పాడుచేసిన చోటు నుంచి పిడికెడు మట్టి తెచ్చి కలపండి. ఆ వాసనకి అక్కడికే వస్తుంది. మలం రోజూ తీసేయాలి, ఇందులో బద్ధకిస్తే అంతా వృథా. ఈలోగా పక్కింటివాళ్లను అడిగి, వాళ్ల మడిలో ఖాళీగా ఉన్న చోట దగ్గర దగ్గరగా పుల్లలు మనమే గుచ్చి వస్తే బాగుంటుంది, వాళ్ల కోపమూ కాస్త చల్లారుతుంది.

మగపిల్లి గోడల మీద మూత్రం చిమ్ముతుంటే మాత్రం ఇది పనిచేయదు. పశువైద్యుణ్ణి కలిసి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి.