హాలు కొలిచాకే హోమ్ థియేటర్

వైజాగ్‌లో డాబాగార్డెన్స్‌లోనో గాజువాకలోనో హోమ్ థియేటర్ కొనడానికి షాపులోకి వెళ్లి "ఎన్ని వాట్లు?" అని అడిగారంటే మీ పని అయిపోయినట్టే. కౌంటర్ వెనక అబ్బాయి డబ్బా మీద ఉన్న పెద్ద అంకె చూపిస్తాడు, పక్కనే చిన్న అక్షరాల్లో పీఎంపీవో అని ఉంటుంది. ఆ పీఎంపీవోకి ఒక కొలతంటూ లేదు, ఎవరికి తోచింది వాళ్లు వేసుకుంటారు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే సెట్ నిలకడగా ఇవ్వగలిగే శక్తి. అదీ మరీ పట్టించుకోనక్కర్లేదు, ఎందుకంటే వాట్లు రెట్టింపైనా శబ్దం పెరిగేది 3 డెసిబెళ్లే, చెవికి కాస్త ఎక్కువైనట్టు తెలుస్తుంది అంతే. మన ఫ్లాట్ హాలుకి ఏ సెట్ అయినా శబ్దం సరిపోతుంది, అసలు గొడవ ఇంకోచోట ఉంది.

నేను మొదట కొన్న సెట్‌లో ఐదు స్పీకర్లు, ఒక ఊఫర్, రంగురంగుల లైట్లు, మైకు కూడా ఉండేవి. డబ్బా మీద 5.1 అనే ఉంది. ఇంటికి తెచ్చి ఐదూ గోడలకి బిగించి సినిమా పెడితే వెనక నుంచీ హీరో డైలాగే, ముందు నుంచీ అదే డైలాగే. ఐదు స్పీకర్లూ ఒకే పాట పాడుతున్నాయి. మూడు నెలలు అదే సరౌండ్ అనుకుని మురిసిపోయాను. నిజం చెప్పాలంటే బయటివాళ్లకి కూడా గొప్పగా చూపించాను.

జరిగిందేంటంటే ఆ సెట్‌లో డాల్బీ డీకోడర్, అంటే సినిమా ఆడియోలోని చానళ్లని విడదీసే భాగం, లేదు. టీవీ నుంచి వచ్చే ఆక్స్ వైరులో గానీ బ్లూటూత్‌లో గానీ ఎడమ, కుడి అని రెండు చానళ్లే వస్తాయి, ఆ రెండింటినే అది ఐదు చోట్లకి పంచిపెడుతోంది. నిజమైన 5.1 అంటే ఆరు వేర్వేరు చానళ్లు: ముందు ఎడమ, కుడి, మధ్యలో సెంటర్, వెనక రెండు, ఆ పాయింట్ వన్ అనేది ఊఫర్‌కి. డైలాగు చాలావరకు సెంటర్‌లోనే ఉంటుంది, వెనక స్పీకర్లలో వాన, జనం గోల, దూరంగా వెళ్లే బండి లాంటివి వస్తాయి. అందుకే షాపులో ఒకే ఒక్క పరీక్ష చేయండి. పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టనివ్వకండి, అది స్టీరియోనే కాబట్టి దానితో ఏమీ తేలదు. సెట్‌ని టీవీకి హెచ్‌డీఎంఐతో కలిపించి, 5.1 ఆడియో ఉన్న సినిమాలో ఇద్దరు మాట్లాడుకునే సీను పెట్టించి, వెనక స్పీకర్ దగ్గర చెవి పెట్టండి. మాటలు అక్కడ కూడా అంతే గట్టిగా వినిపిస్తే, ముందు సౌండ్ మోడ్ మార్చి చూడమనండి, కొన్నిటిలో అన్ని స్పీకర్లలో ఒకే ధ్వని ఇచ్చే మోడ్ ఉంటుంది. మార్చినా అంతేనా, బయటికి వచ్చేయండి.

వైరు సంగతి. టీవీ వెనక ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఒకదాని పక్కన ఏఆర్‌సీ లేదా దాని మెరుగైన రకం ఈఏఆర్‌సీ అని రాసి ఉంటుంది, టీవీ శబ్దం సెట్‌కి వెళ్లేది ఆ పోర్టు నుంచే, వైరు అందులోనే పెట్టాలి. ఓటీటీల్లో ఎక్కువగా వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్‌కి మామూలు ఏఆర్‌సీ చాలు. ఈఏఆర్‌సీ కోసం బడ్జెట్‌లో అదనంగా డబ్బు పోయక్కర్లేదు, అది బ్లూరే డిస్కులు పెట్టేవాళ్లకి పనికొస్తుంది. టీవీ పాతదై ఏఆర్‌సీ లేకపోతే ఆప్టికల్ వైరు వాడొచ్చు, మామూలు డాల్బీ డిజిటల్ 5.1 దాంట్లో వెళ్తుంది. అన్నీ కలిపాక కూడా చాలా ఇళ్లలో స్టీరియోనే మోగుతుంటుంది, ఎందుకంటే టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎం మీద, అంటే టీవీయే ఆడియోని విప్పి రెండు చానళ్లుగా పంపే పద్ధతి మీద, ఉండిపోతుంది. దాన్ని ఆటోకో, బిట్‌స్ట్రీమ్‌కో, పాస్‌త్రూకో మార్చండి. ఇంకోటి, సినిమా తెలుగు ఆడియో పక్కన 5.1 అని ఉందో లేదో చూసుకోండి. యూట్యూబ్ వీడియోలు ఎక్కువ భాగం స్టీరియోలోనే ఉంటాయి, అక్కడ వెనక స్పీకర్లు మూగబోతే సెట్ పాడైందని టెన్షన్ పడకండి.

ఇక హాలు. ఎంవీపీ కాలనీలో ఉన్నా మధురవాడలో ఉన్నా మన ఫ్లాట్లన్నిటిలో ఒకటే తీరు, సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంటుంది, ఒక పక్క బాల్కనీ తలుపు, ఇంకో పక్క వంటింటికి దారి. వెనక స్పీకర్లు నిజానికి మీ చెవులకి కాస్త వెనగ్గా, పక్కల నుంచి రావాలి, అంటే టీవీ వైపు నుంచి లెక్కేస్తే 110 డిగ్రీల దగ్గర. సోఫాని గోడ నుంచి ఒక అడుగు ముందుకి లాగగలిగితే సగం పని అయినట్టే. లాగలేకపోతే స్పీకర్లని సోఫాకి రెండు పక్కలా, కూర్చున్నప్పుడు చెవికి అడుగో రెండడుగులో పైన బిగించండి. తల వెనక గోడకి, నెత్తి మీద వేలాడదీసినట్టు పెడితే ఉపయోగం లేదు. ముందు స్పీకర్ల మధ్య దూరం, మీరు కూర్చునే చోటికి వాటి నుంచి ఉన్న దూరం దాదాపు సమానంగా ఉండాలి. బాల్కనీ తలుపు వల్ల ఒక పక్క స్పీకర్ పెట్టే వీలే లేదంటే నా మాట వినండి, 5.1 వదిలేసి, సెంటర్ చానల్, విడిగా ఊఫర్ ఉన్న 3.1 సౌండ్‌బార్ తీసుకోండి. తప్పు చోట పెట్టిన ఐదు స్పీకర్ల కన్నా డైలాగు స్పష్టంగా వినిపించే మూడు నయం.

పెట్టే చోటు ఉందా, అయితే తక్కువ బడ్జెట్‌లో ముందు ఒక బార్, వెనక రెండు చిన్న స్పీకర్లు, ఒక ఊఫర్ వచ్చే సెట్లు సులువు. సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ ఆ కోవలోదే, వెనక స్పీకర్లకి ఊఫర్ నుంచి వైరు లాగాలి. హెచ్‌టీ-ఎస్40ఆర్‌లో వెనక వాటికి వేరే వైర్‌లెస్ డబ్బా ఇస్తారు, కానీ ఆ డబ్బాకి కరెంటు ప్లగ్గు కావాలి, అక్కడి నుంచి రెండు స్పీకర్లకి వైరూ కావాలి. సోఫా వెనక ప్లగ్ పాయింట్ ఉందో లేదో చూసుకోకుండా "వైర్‌లెస్" అనగానే కొనేస్తే ఎక్స్‌టెన్షన్ బోర్డు హాలు మధ్యలో పాకుతుంది. ఇంకాస్త పెట్టగలిగితే ఏవీఆర్ (చానళ్లని విడదీసి ఒక్కో స్పీకర్‌కి పంపే ఆంప్లిఫయర్), విడి స్పీకర్లు. ఒకేసారి అన్నీ కొనక్కర్లేదు, ఈ ఏడాది ముందు రెండు, వచ్చే ఏడాది సెంటర్, అలా. పైగా వైజాగ్‌లో నేవీ వాళ్లు, బదిలీ మీద వెళ్లేవాళ్లు మంచి సెట్లు అమ్ముతుంటారు. సెకండ్‌హ్యాండ్ కొంటే ప్రతి చానలూ విడిగా మోగించి చూడండి, స్పీకర్ అంచు చుట్టూ ఉండే ఫోమ్‌ని వేలితో మెల్లగా తాకండి, పొడిపొడిగా రాలుతుంటే వద్దు.

స్పీకర్ వైరు అసలైన రాగిదే తీసుకోండి. తీగని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. ఏదో ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు వైర్లు తారుమారైతే సెట్ మోగుతుంది కానీ బేస్ పల్చబడిపోతుంది, చాలామంది ఊఫర్‌ని తిట్టుకునేది ఇందుకే.

ఊఫర్‌ని ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది, కాస్త నవ్వులపాలవుతారు. దాన్ని తీసుకెళ్లి మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ బాగా ఉన్న పాట పెట్టి, గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ వినండి. ఎక్కడ గుయ్‌మనకుండా శుభ్రంగా, నిండుగా వినిపిస్తే అక్కడ పెట్టండి. మూలలో పెడితే బేస్ పెరుగుతుంది, దాంతోపాటు కింద ఫ్లాట్ వాళ్లకి గుండె దడ కూడా పెరుగుతుంది. కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి, రాత్రి పది దాటాక పెద్ద శబ్దాలని తగ్గించే నైట్ మోడ్ పెట్టండి.

సముద్రం దగ్గర ఉన్నవాళ్లకి ఒక మాట. ఉప్పు గాలికి స్పీకర్ టెర్మినళ్లు, వైరు కొసలు చిలుం పట్టి గరగరమంటాయి. ఏడాదికోసారి వైరు కొస అరంగుళం కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగిస్తే సరి. ఊఫర్‌ని బాల్కనీ తలుపు ఎదురుగా పెట్టకండి, జల్లు కొడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి పోయాక కరెంటు కోసం ఎన్ని రోజులు ఎదురుచూశామో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. తుపాను హెచ్చరిక వస్తే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయండి, డిష్ కేబుల్ కూడా ఊడదీయండి, పిడుగు పడితే అది హెచ్‌డీఎంఐ పోర్టు దాకా వస్తుంది. కరెంటు వచ్చీ రాగానే పెట్టకుండా, ఫ్యాను ఒకే తీరుగా తిరుగుతోందని చూసుకుని అప్పుడు ప్లగ్గు పెట్టండి.