కశ్మీర్ నుంచి కన్యాకుమారికి బృంద సైకిల్ యాత్ర: ప్రణాళిక ఎలా వేసుకోవాలి?

శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారిలో ముగిసే 44వ నంబరు జాతీయ రహదారి పొడవు 3,700 కిలోమీటర్లకు పైమాటే. వెంట ఒక సపోర్ట్ వాహనాన్ని పెట్టుకొని ఈ దారిన సైకిళ్లపై వెళ్లాలనుకునే బృందాలు ఏ సైకిల్ కొనాలన్న చర్చతో నెలలు గడుపుతాయి. రోడ్డు మీద ఆ వాహనం ఎక్కడ ఉండాలన్న సంగతిని మాత్రం బయలుదేరే రోజు పొద్దున డ్రైవరుకు వదిలేస్తాయి. యాత్రలు చెడేది అక్కడే కనుక, తక్కినవి క్లుప్తంగా ముగించి ఆ విషయాన్నే వివరంగా చెబుతాను.

కాలం, దిశ

అక్టోబరు మూడో వారంలో శ్రీనగర్ నుంచి బయలుదేరాలి. రోజుకు 110 కిలోమీటర్లు తొక్కుతూ, వారానికి ఒక రోజు విశ్రాంతి తీసుకుంటే దాదాపు 40 రోజులు పడుతుంది. ఆలస్యం చేస్తే జమ్ముకు దిగే దారిలోని బనిహాల్ వైపు మంచు కురుస్తుంది. ఇంకా ఆలస్యమైతే పంజాబ్ నుంచి ఆగ్రా దాకా పొగమంచు కమ్ముకుంటుంది. పైన చెప్పిన లెక్కన వెళ్తే తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వాన తగలవచ్చు. వానలో తడవడం వేరు, పొగమంచులో లారీ డ్రైవరుకు కనబడకుండా పోవడం వేరు. పంజాబ్, హర్యానాల్లో ఆ రోజుల్లో వరి కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ ఉంటుంది కాబట్టి మాస్కులు తీసుకెళ్లాలి.

కన్యాకుమారి నుంచి మొదలుపెడితే కొండలు వచ్చేసరికి కాళ్లు గట్టిపడతాయని కొందరు వాదిస్తారు. ఆ వాదనను నేను ఒప్పుకోను. జమ్ము కొండల్లోని రాంబన్ ప్రాంతంలో కొండచరియలు విరిగిపడి రహదారి మూసివేయడం మామూలే. ఆ అడ్డంకి యాత్ర మొదట్లో ఎదురైతే రెండు రోజులు ఆగి బయలుదేరవచ్చు. చివర్లో ఎదురైతే అందరి తిరుగు టికెట్లూ పోతాయి.

మనుషులు, సామాన్లు, కాగితాలు

బృందంలో ఎనిమిది మందికి తక్కువైతే వాహనం ఖర్చు మోయలేరు, పన్నెండు మందికి మించితే ఒక్క వాహనం చాలదు. వరసగా రెండు రోజులు వందేసి కిలోమీటర్లు తొక్కినవారినే చేర్చుకోవాలి. టైర్లు 28 నుంచి 32 మిల్లీమీటర్ల వెడల్పువి సరిపోతాయి. అందరివీ ఒకే కొలతవైతే ట్యూబులు, టైర్లు ఉమ్మడిగా పెట్టుకోవచ్చు. చైన్లు, బ్రేకు వైర్లు, స్పోకులు, నిలబడి కొట్టే పంపు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు బండిలో ఉండాలి. ఖరీదైన ఎనర్జీ జెల్లులు అక్కర్లేదు. అరటిపండు, పల్లీ చిక్కీ, ఉప్పు వేసిన మజ్జిగ వాటికంటే మేలు.

వాహనానికి పసుపు నంబరు ప్లేటు, ఆల్ ఇండియా పర్మిట్ తప్పనిసరి. తెలిసినవారి సొంత కారును అద్దెకు తీసుకుంటే ప్రమాదం జరిగిన రోజున బీమా దగ్గర చిక్కుపడతారు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్ము కశ్మీర్‌లో పనిచేయవు కనుక డ్రైవరుకూ, కనీసం ఇద్దరు సైక్లిస్టులకూ పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉండాలి. సుమారు 8.5 కిలోమీటర్ల బనిహాల్–కాజీగుండ్ సొరంగాన్నీ, 9 కిలోమీటర్లు దాటిన చెనాని–నాశ్రీ సొరంగాన్నీ సైకిళ్లను బండెక్కించి దాటాలి. దేశమంతా తొక్కామన్న లెక్కలో ఆ కొద్ది కిలోమీటర్లు తగ్గాయని బాధపడేవారిని ముందే వదిలించుకోవడం మంచిది.

వాహనం ఎక్కడ ఉండాలి?

సపోర్ట్ వాహనం సైకిళ్ల వెనక రాకూడదు. అది ముందుకు వెళ్లి ఆగి ఉండాలి. లైట్లు మినుకుమినుకుమంటూ గుంపు వెనక మెల్లగా నడిచే వాహనం రక్షణగా కనిపిస్తుంది, ఫొటోల్లోనూ బాగుంటుంది. కానీ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ, 20 కిలోమీటర్ల వేగంతో పోయే మన బండిని వంద మీటర్ల దూరంలో గుర్తిస్తే, ఆ దూరం కరిగిపోవడానికి ఆరు సెకన్లు చాలు. అప్పుడు లారీ పక్కకు తిరిగితే పక్క లేన్‌లోని వారికి ప్రమాదం. తిరగకపోతే అది గుద్దిన మన బండే వెళ్లి సైకిళ్ల మీద పడుతుంది. పట్టణాల్లోని చిన్న ర్యాలీలకు పనికొచ్చే పద్ధతి నాలుగు వరసల రహదారికి పనికిరాదు.

అందువల్ల వాహనం 20 నుంచి 25 కిలోమీటర్లు ముందుకు వెళ్లి, అందరూ వచ్చేదాకా ఆగి, తరువాతి చోటికి కదలాలి. ఆగే చోటును ముందురోజు రాత్రే పేరుతో సహా నిర్ణయించి, ఒక్కొక్కరిచేత పైకి చెప్పించాలి. పెట్రోల్ బంకు అన్నిటికంటే మంచిది, ధాబా ఆ తరువాత. రోడ్డు అంచున ఖాళీగా కనిపించే పక్క వరసలో మాత్రం ఎప్పుడూ ఆపకూడదు. ఆగే చోటు మనం వెళ్లే దిశలో ఎడమవైపునే ఉండాలి. కుడివైపున మంచి ధాబా ఉందని డ్రైవరు అక్కడ ఆపితే, డివైడరు దాటడానికి పదిమంది సైకిళ్లు ఎత్తుకొని వాహనాల మధ్య పరుగెత్తవలసి వస్తుంది.

అందరూ మరిచిపోయేది ఫ్లైఓవర్ల సంగతి. ప్రతి ఊరి దగ్గరా రహదారి పైకి లేస్తుంది, సర్వీసు రోడ్డు కింద నుంచి పోతుంది. టీకొట్లూ బంకులూ కింద ఉంటాయి కనుక వాహనం అక్కడ ఆగుతుంది. సైక్లిస్టు ఊపు మీద పై నుంచి సాగిపోతాడు. ఇద్దరూ ఒకరినొకరు దాటిపోయారన్న సంగతి ఎవరికీ తెలియదు. ఆగే చోటు వంతెన దాటాక, సర్వీసు రోడ్డు మళ్లీ రహదారిలో కలిసిన తరువాతే ఉండాలని డ్రైవరుకు కాగితం మీద రాసివ్వాలి. బైపాస్ ఉన్న పట్టణాలకూ ఇదే నియమం: అందరూ బైపాస్ మీదుగా వెళ్లాలి, లేదా అందరూ ఊళ్లోంచి వెళ్లాలి.

అందరికంటే చివర తొక్కే మనిషిని రోజూ పేరుపెట్టి నియమించాలి. అతడు బాగా తొక్కగలవాడై, ట్యూబు మార్చడం తెలిసినవాడై ఉండాలి. నీరసించినవారికి ఆ పని అప్పగించడం పెద్ద పొరపాటు. అతడు చేరేదాకా వాహనం కదలకూడదు. ఆగే చోట సంతకం పెట్టకుండా ఎవరూ ముందుకు సాగకూడదు. ఒక నోటు పుస్తకం చాలు; వాట్సాప్‌లో థమ్సప్ బొమ్మ పెట్టడం లెక్కలోకి రాదు, ఎందుకంటే నెట్‌వర్క్ లేని చోటే మనిషి తప్పిపోతాడు. వాహనం వెనక్కి రావాలంటే డివైడరులో సందు దొరికేదాకా ముందుకు పోయి, తిరిగొచ్చి, మళ్లీ తిరగాలి. దానికి అరగంట పట్టవచ్చు. అందుకే ఇద్దరిద్దరు జతగా ఉండాలి, ఒకరికి పంక్చర్ పడితే రెండోవారూ ఆగాలి, సైకిల్‌ను రోడ్డు నుంచి పూర్తిగా కిందికి దించాకే చక్రం విప్పాలి.

సివనీ–నాగపూర్ మధ్య పెంచ్ అడవిలో జంతువుల కోసం రహదారిని స్తంభాలపై ఎత్తుగా కట్టి, పక్కన శబ్దాన్ని అడ్డుకునే గోడలు పెట్టారు. అక్కడ ఆగవలసిన అవసరం రాకుండా నీళ్లు ముందే నింపుకొని, పట్టపగలే దాటాలి.

తెలుగు నేల మీద

పెన్‌గంగ దాటి ఆదిలాబాద్‌లో అడుగుపెట్టాక హైదరాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్లు. దీన్ని మూడు రోజులుగా పంచుకొని నిర్మల్, కామారెడ్డిల్లో బస చేయాలి. మేడ్చల్ నుంచి శంషాబాద్‌కు అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా పోదామని ఎవరో ఒకరు అంటారు. దాని ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. ఆదివారం తెల్లవారే వేళకు మేడ్చల్‌లో బయలుదేరి, బోయినపల్లి, ఆరాంఘర్ మీదుగా నగరం దాటడం నయం. నగరంలో జాగ్రత్త ఒక్కటే: ఆగే చోట్లు ఎనిమిది కిలోమీటర్లకు ఒకటి ఉండాలి. ఆ తరువాత బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర వస్తాయి. అనంతపురం మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దాకా ఎండ తప్ప పెద్ద ఇబ్బంది ఉండదు కనుక, మధ్యాహ్నం రెండింటికల్లా బసకు చేరేలా లెక్క వేసుకోవాలి.

చివరి రోజు తిరునల్వేలి నుంచి కన్యాకుమారికి 85 కిలోమీటర్ల వరకు ఉంటుంది. గట్టిగా తొక్కేవారు ముందు చేరాలని గుంపును వదిలేసేది ఆ రోజే. కావల్‌కిణరు దగ్గర, ఆరల్వాయ్‌మొళి కనుమ వైపు నుంచి వచ్చే పక్కగాలి సైకిల్‌ను లాగేయవచ్చు. కావల్‌కిణరుకు ముందొకటి, దాటాక ఒకటి ఆగే చోట్లు పెట్టి, రెండుచోట్లా నోటు పుస్తకంలో సంతకాలు తీసుకోవాలి.