భూర్జ బెరడు నుంచి నియాండర్తల్‌ల జిగురు తీసే విధానం

రాతి అలుగును కర్రకు కదలకుండా అతికించడం మంచుయుగపు ఐరోపాలో నియాండర్తల్ (అంతరించిపోయిన ఒక ప్రాచీన మానవజాతి) వేటగాడికి ఎంతో అవసరమైన పని. ఇటలీలోని కాంపిటెల్లోలో దొరికిన, సుమారు 2,00,000 ఏళ్ల నాటి రాతి పెచ్చులకు జిగురుగా వాడిన భూర్జ బెరడు తారు అంటుకొని ఉంది. (హిమాలయాలలో భూర్జపత్రాలనిచ్చే చెట్టు కూడా ఈ ప్రజాతికి చెందినదే.) కుండలు లేని కాలంలో దీన్ని ఎలా తీసి ఉండవచ్చో 2017లో ప్రచురితమైన ప్రయోగాలు చూపాయి.

వాటిలో ఎక్కువ తారునిచ్చిన పద్ధతిని అనుసరించాలంటే, ముందుగా నేలలో చిన్న గుంత తవ్వి, అడుగున బెరడుతోనే మడిచిన దొన్నెను ఉంచాలి. దానిపై పచ్చి పుల్లలతో జల్లెడలా అల్లిక పరచి, గట్టిగా చుట్టిన బెరడు చుట్టను పెట్టి, అంతటినీ తడిమట్టితో కప్పి, పైన చాలాసేపు మంట వేయాలి. అసలు మెళకువ మట్టి పొరలోనే ఉంది: అది పగిలి గాలి చొరబడితే బెరడు మండి బూడిదవుతుంది, గాలి అందకుండా వేడెక్కితేనే తారు కారి దొన్నెలోకి దిగుతుంది. అందుకే పగుళ్లు కనిపించిన వెంటనే పూడ్చడం అవసరం.

ఇంతకన్నా తేలికైన దారిని 2019 నాటి మరో ప్రయోగం చూపింది: నిలువు రాయి పక్కన బెరడును కాల్చి, రాయిపై పేరుకున్న నల్లని తారును గీకి తీయడమే.

తారును నిప్పు సెగకు మెత్తబరచి, అలుగు మొదట్లో పూసి, కర్ర చీలికలో నొక్కి, చల్లారేవరకు కదపకుండా ఉంచాలి. పట్టు వదిలితే మళ్లీ వేడి చేసి అతికించవచ్చు.