తక్కువ డబ్బుతో సూపర్‌హీరో హారర్: హీరోని మంచివాడిగానే ఉంచండి

నేను చిన్న సినిమాలకు సౌండ్ చేస్తాను. సూపర్‌హీరో హారర్ తీస్తామంటూ వచ్చేవాళ్ళలో చాలామంది ముందు డ్రెస్ డిజైన్ చూపిస్తారు. నేను అడిగేది వేరు: ‘ఇతని శక్తి వల్ల ఎవరి బతుకు పాడవుతుంది?’ దీనికి జవాబు లేకపోతే మీ దగ్గర ఉన్నది డబ్బుల్లేని యాక్షన్ సినిమా, హారర్ కాదు.

ఒక్క శక్తి చాలు. ఎగరడం, కళ్ళతో కాల్చడం, గోడలు పగలగొట్టడం అన్నీ పెడితే గ్రాఫిక్స్ బిల్లు మిమ్మల్ని ముంచుతుంది. ఆ ఒక్కదాన్నే చివరిదాకా లాగండి. గోడ అవతల ఉన్నది కనిపించేవాడికి కంటిరెప్ప మాత్రం అడ్డమా? వాడు కళ్ళు మూసుకోలేడు. పక్కన పడుకున్న మనిషి ముఖం బదులు పుర్రె కనిపిస్తుంది. దీనికి కావలసింది మంచి నటుడు, ఒక క్లోజప్. మాయమయ్యేవాడి సంగతి మరీ విచిత్రం. వెలుతురు రెటీనా దగ్గర, అంటే కంటి వెనక పొర దగ్గర, ఆగితేనే చూపు. ఒళ్ళంతా పారదర్శకమైతే అది ఆగదు, అంటే వాడు గుడ్డివాడు. కనిపించని మనిషి చీకటి ఇంట్లో గోడలు తడుముకుంటూ మీవైపే వస్తున్నాడనుకోండి. ఖర్చు దాదాపు సున్నా. మెరుపు వేగంతో కదిలేవాడికైతే, అమ్మ పిలుపు పూర్తయ్యేలోపు సాయంత్రం గడిచిపోతుంది. మిగతా నటులందరినీ బిగుసుకుని నిలబడమనండి, అతనొక్కడే వాళ్ళ మధ్య తిరుగుతాడు.

శక్తులున్న పిల్లాడు దుర్మార్గుడైతే ఎలా ఉంటుందో 2019లో ‘బ్రైట్‌బర్న్’ చూపించేసింది. ఆ దారిలో ఇప్పుడు రద్దీ ఎక్కువ. ఎవరూ పెద్దగా ముట్టుకోనిది మంచి హీరో పుట్టించే భయం. మేడ మీద నుంచి పడుతున్న అమ్మాయిని ఉక్కులాంటి చేతులతో గాల్లో ఆపాడనుకోండి. ఒంటికి తగిలే దెబ్బ నేలకు తగిలినట్టే ఉంటుంది. ఆమె బతికింది కానీ వెన్ను విరిగింది. అతనికి అది అర్థం కాదు. ఎలా ఉన్నావని అడగడానికి రోజూ రాత్రి కిటికీ దగ్గరికి వస్తాడు. ప్రేమగానే వస్తాడు. రావద్దని ఎవరు చెప్పగలరు? పోలీసులకు చెబితే వాళ్ళూ అతని అభిమానులే. ఒక గది, ముగ్గురు నటులు, ఒక కిటికీ: సినిమా మొత్తం ఇక్కడే అయిపోతుంది. కథ ఆమె వైపు నుంచే నడపండి. అతని గతం, శక్తి ఎలా వచ్చిందన్నది, అన్నీ తీసి పక్కన పెట్టండి.

ఇక నా పని. అతను ఎగరడం చూపించొద్దు, వినిపించండి. పైకప్పు మీద ఒక అడుగు, తర్వాత ఏమీ లేదు. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే, అతను వచ్చే ముందు గదిలో చప్పుళ్ళు ఒక్కొక్కటీ తీసేయండి: ముందు బయటి పురుగుల చప్పుడు, తర్వాత ఫ్యాన్, చివరికి ఫ్రిజ్ హోరు. రెండోసారికే ప్రేక్షకుడికి ఆ నిశ్శబ్దం అంటే టెన్షన్ మొదలవుతుంది. ఇలా తీసేయాలంటే ముందు ఆ చప్పుళ్ళన్నీ మీ దగ్గర ఉండాలి. అందుకే ప్రతి లొకేషన్‌లో అందరినీ కదలకుండా నిలబెట్టి, ఖాళీ గది శబ్దం కనీసం అర నిమిషం రికార్డు చేయండి. షూటింగ్ హడావుడిలో దీన్ని ఎగ్గొట్టే దర్శకులంటే నాకు ఒళ్ళు మంట. ఎముక విరిగిన చప్పుడు కావాలంటే పచ్చి క్యారెట్‌ని తడి గుడ్డలో చుట్టి మైకు దగ్గర మెలితిప్పండి. లోతైన గుడగుడ శబ్దాల మీద మాత్రం పూర్తిగా ఆధారపడొద్దు. ఫోన్ స్పీకర్లో అవి దాదాపు వినపడవు. పైన ఒక గీకుడు శబ్దం కలిపితే అక్కడా పనిచేస్తుంది.

కెమెరా విషయంలో 2020 నాటి ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ చూసి నేర్చుకోండి. కెమెరా ఖాళీ మూలవైపు తిరిగి ఆగుతుంది, అక్కడ ఏదో ఉందని మనమే ఊహించుకుంటాం. వస్తువు ఎగిరి చేతిలోకి రావాలంటే, దాన్ని చేతిలోంచి వదలడం షూట్ చేసి, ఆ షాట్‌ని వెనక్కి ఆడించండి. నటుణ్ణి మాత్రం ఎత్తు నుంచి నిజంగా వేలాడదీయొద్దు.

డ్రెస్ మీద ఎక్కువ ఆలోచించకండి. 1978 నాటి ‘హాలోవీన్’లో హంతకుడి మాస్కు, కొనుక్కొచ్చిన కెప్టెన్ కిర్క్ (‘స్టార్ ట్రెక్’ హీరో) మాస్కుకి తెల్లరంగు కొట్టిందే. ముఖంలో భావం పోయింది, భయం వచ్చింది. మీ హీరోని వెనక లైటు పెట్టి నీడలా తీస్తే బట్ట నాణ్యత ఎవరికీ కనపడదు. పేరున్న హీరోల పేర్లు, గుర్తులు, డ్రెస్సులు వాడొద్దు. ఎగరగలగడం మాత్రం ఎవరి సొత్తూ కాదు.

ఎడిటింగ్ అయ్యాక, కథ తెలియని ఒకరిని కూర్చోబెట్టి బొమ్మ ఆపేసి శబ్దం మాత్రమే వినిపించండి. హీరో ఎప్పుడు వచ్చాడో వాళ్ళు చెప్పగలిగితే మిక్సింగ్‌కి, అంటే శబ్దాలన్నీ సరిచేసి కలిపే పనికి, పంపండి. చెప్పలేకపోతే మళ్ళీ ఎడిట్‌లో కూర్చోండి, ఇంకా సంగీతం జోడించి కప్పిపుచ్చొద్దు.