ఇంటిల్లిపాదితో అహోబిలం కొండ ఎక్కడం ఎలా?

నంద్యాల జిల్లా నల్లమల కొండల్లోని ఎగువ అహోబిలం గుడి దగ్గర భవనాశి వాగు వెంట మొదలయ్యే నడక పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్ళేవాళ్ళకి బాగా కుదురుతుంది, ఎందుకంటే ఈ దారి అంచెలంచెలుగా ఉంటుంది. వరాహ నరసింహుడి గుహ దాకా ఒక అంచె. జ్వాలా నరసింహుడి దాకా రెండోది. మాలోల నరసింహుడు, ప్రహ్లాద బడి కలిపి మూడోది. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభమని చెప్పే కొండశిఖరం, ఉగ్రస్తంభం, ఆఖరిది. ప్రతి అంచెలోనూ ఒక దర్శనం ఉంది కాబట్టి ఓపిక ఎక్కడ అయిపోతే అక్కడ ఆగినా వచ్చిన పని సగంలో వదిలేసినట్టు ఉండదు. అందరూ ఉగ్రస్తంభం ఎక్కి తీరాలని పట్టుబట్టిన కుటుంబాలే చీకటి పడ్డాక, నీళ్ళు అయిపోయి, పిల్లల్ని ఎత్తుకుని దిగుతుంటాయి. అందుకే ఎవరు ఏ అంచె దాకా వెళ్ళాలో బయల్దేరే ముందే ఇంట్లో తేల్చుకోండి.

1. రోజు ఎంచుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వాగులో నీళ్ళుంటాయి, ఎండ బాధించదు. మార్చి దాటితే మధ్యాహ్నానికి బండలు కాలిపోతాయి, గుళ్ళ దగ్గర చెప్పులు విడిచి నిలబడటం పిల్లల వల్ల కాదు. వానాకాలంలో జలపాతాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, పైన కొండల్లో కురిసిన వాన కింద ఎండ కాస్తున్నప్పుడే వాగులోకి దిగుతుంది. నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి. మోకాలి పైకి వచ్చిన ప్రవాహాన్ని పిల్లలతో దాటకండి. అవతలి ఒడ్డున చిక్కుకుంటే నీరు తగ్గేదాకా అక్కడే ఆగడం మేలు.

స్వాతి నక్షత్రం నరసింహస్వామి జన్మనక్షత్రం. నెలనెలా ఆ రోజున రద్దీ ఉంటుంది. ఫాల్గుణ బ్రహ్మోత్సవాల్లో, కార్తీకమాసం శని, ఆదివారాల్లో కూడా అంతే. ఇరుకు మెట్ల మీద పిల్లల చెయ్యి పట్టుకుని నడవాలంటే జనం లేని రోజు కావాలి. పంచాంగం చూసి స్వాతి తప్పించి, వారం మధ్యలో పెట్టుకోండి.

2. మూడు వారాల ముందు నుంచి కాళ్ళకు పని చెప్పండి

రోజూ అరగంట నడక, దాంతోపాటు మెట్లు. మొదటి వారం 5 అంతస్తులు, మూడో వారానికి 15. దిగేటప్పుడు కూడా లిఫ్టు వాడకండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాసేపు కూర్చుంటే పోతుంది. మోకాళ్ళు పట్టేసేది మాత్రం దిగేటప్పుడే. పెద్దవాళ్ళు 10 అంతస్తులు దిగాక మర్నాడు మోకాలు వాచిందంటే, మొదటి అంచెతో ఆగాలని గానీ, డోలీ (మనుషులు మోసే కుర్చీ) మాట్లాడాలని గానీ ఇప్పుడే తెలిసిపోతుంది. గుండె జబ్బు, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి బయల్దేరాలి.

బూట్లు కొత్తవైతే ఈ మూడు వారాలూ అవే వేసుకోండి. కొత్త బూట్లు మొదటి రెండు గంటల్లోనే మడమ దగ్గర బొబ్బలు తెస్తాయి. అడుగు భాగాన లోతైన గాడులుండాలి, అరిగిపోయినవి తడిబండ మీద సబ్బులా జారతాయి. రోజూ వేసుకునే హవాయి చెప్పులు ఇక్కడికి పనికిరావు. కాలిగోళ్ళు రెండు రోజుల ముందు కత్తిరించండి, లేకపోతే దిగుడులో బొటనవేలు బూటుకు గుద్దుకుని గోరు నల్లబడుతుంది.

3. ముందు రోజు దిగువ అహోబిలం చేరుకోండి

హైదరాబాద్ నుంచి కర్నూలు, నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా వస్తారు. ఆళ్ళగడ్డ నుంచి సుమారు 25 కిలోమీటర్లు. రాత్రంతా బస్సులో వచ్చి తెల్లారి కొండెక్కితే పిల్లలు తొమ్మిదింటికే సోలిపోతారు. దిగువన టూరిజం హోటలు, మఠం వసతి, సత్రాలు ఉన్నాయి. గదులు తక్కువ కాబట్టి ముందే మాట్లాడుకోండి. దిగువ నుంచి ఎగువకు 8 కిలోమీటర్లు, ఆటోలు వెళతాయి. గైడునీ, కావలిస్తే డోలీనీ సాయంత్రమే కుదుర్చుకోండి. ఎక్కడిదాకా తీసుకెళతారు, అక్కడ ఎంతసేపు ఆగుతారు, తిరుగు ప్రయాణం ఆ ధరలోనే వస్తుందా అన్న మూడూ తేలాకే సరే అనండి. మాటపట్టింపులు వచ్చేదంతా తిరుగు ప్రయాణం దగ్గరే.

4. సంచి సర్దడం

పెద్దవాళ్ళకు మనిషికి 2 లీటర్ల నీళ్ళు, పదేళ్ళలోపు పిల్లలకు లీటరు. మొత్తం ఒకే సంచిలో వేస్తే మోసేవాళ్ళు వెనకబడి అందరికీ దాహం వేస్తుంది, ఎవరి సీసా వాళ్ళ దగ్గరే ఉండాలి. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు. పొట్లం మీద ఎన్ని నీళ్ళని రాసి ఉంటే అన్నిట్లోనే కలపండి. లీటరు పొట్లాన్ని అరలీటరు సీసాలో గుమ్మరిస్తే ఉప్పెక్కువై పిల్లలు కక్కుకుంటారు.

తిండికి పులిహోర, చపాతీ, పల్లీపట్టీ, ఖర్జూరం బాగుంటాయి. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది. అన్నీ గుడ్డసంచిలో పెట్టి, జిప్పున్న సంచి అడుగున దాచండి. ఇక్కడి కోతులకు ప్లాస్టిక్ కవరు గలగల వినిపిస్తే చాలు, మీదికి వస్తాయి. కవరు గానీ కొబ్బరిచిప్ప గానీ చేత్తో పట్టుకుని నడవకండి, పిల్లల చేతికి బిస్కెట్ పొట్లం ఇవ్వకండి. లాక్కుంటే వదిలేయండి, పెనుగులాడితే గీరుతుంది. గీరినా కరిచినా గాయాన్ని 15 నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇవి కాక తలా ఒక విజిల్, టార్చి, క్రేపు బ్యాండేజీ, ఫోన్లు దాచడానికి నీళ్ళు దూరని కవర్లు. చేతికర్రలు ఎగువ అహోబిలంలో దొరుకుతాయి. కర్ర నిలబెట్టి పట్టుకుంటే మోచెయ్యి లంబకోణంలో వంగాలి, అంతకంటే పొడవైతే బరువు ఆనదు.

5. నడక

ఆరింటికల్లా ఎగువ గుడి దగ్గర ఉండండి. వరుసలో నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందు, దారి తెలిసినవాళ్ళు వాళ్ళ పక్కన, బలమైనవాళ్ళు చివర. కుర్రాళ్ళు ముందు పడితే వరుస తెగిపోతుంది. లోయలో ఫోన్లు పలకవు కాబట్టి తప్పిపోతే ఉన్నచోటే కూర్చుని మూడుసార్లు విజిల్ ఊదాలని పిల్లలకు ముందే నేర్పండి. ముప్పావుగంటకోసారి పది నిమిషాలు ఆగండి, దాహం వెయ్యకపోయినా నాలుగు గుక్కలు తాగించండి.

వరాహ నరసింహుడి దాకా సుమారు కిలోమీటరు. నాయనమ్మా తాతయ్యా ఇక్కడే నీడలో కూర్చుంటే వాళ్ళకు తోడుగా పెద్దవాళ్ళు ఇంకొకరు ఉండాలి. ఆ తర్వాత దారి గుండ్రాళ్ళ మీదుగా పోతుంది. రాయి మీద పాదం పెట్టి కాస్త ఒత్తి చూసి, కదలకపోతేనే బరువు వెయ్యాలి. పచ్చగా నిగనిగలాడే చోట పాచి ఉంటుంది, తెల్లగా పొడిగా ఉన్న రాయి మీదే అడుగు.

జ్వాలా నరసింహుడి గుహకు చేరేముందు వానాకాలం తర్వాత కొండచరియ మీదినుంచి నీళ్ళు తెరలా పడుతుంటాయి, ఆ తెర కిందుగానే నడిచి వెళ్ళాలి. చల్లటి తుంపర మొహాన పడగానే పిల్లలు ఎగిరి గంతేస్తారు, సరిగ్గా అక్కడే నేల నున్నగా ఉంటుంది. ఒక చెయ్యి కొండగోడకు ఆనించి, పిల్లల్ని లోపలివైపు ఉంచి ఒక్కొక్కరే దాటండి. ఫోటోలు అవతలికి చేరాక తీసుకోవచ్చు. దగ్గరే ఉన్న రక్తకుండంలో హిరణ్యకశిపుణ్ణి వధించాక స్వామి చేతులు కడుక్కున్నాడని చెబుతారు. నిప్పు, పొగ ఎక్కడా పెట్టకండి. చరియల్లో తేనెపట్టు ఉంటే పొగకు ఈగలు లేస్తాయి.

ఇక్కడ గడియారం చూసుకోండి. ఉదయం పది దాటితే ఉగ్రస్తంభం మాట ఎత్తకండి. నిట్టనిలువు ఎక్కుడు, చెట్లవేళ్ళు పట్టుకుని పాకాల్సిన చోట్లు, కాలికింద దొర్లే చిన్న రాళ్ళు. పన్నెండేళ్ళలోపు పిల్లలకూ మోకాళ్ళ నొప్పులవాళ్ళకూ ఇది వద్దు, మిగతావాళ్ళైనా గైడు లేకుండా వెళ్ళకూడదు. పైవాళ్ళ కాలికింది రాయి కిందివాళ్ళ తల మీదికి వస్తుంది కాబట్టి ఒకరి వెనక ఒకరు దగ్గర దగ్గరగా ఎక్కకండి. మిగతా కుటుంబం ఈలోగా మాలోలుణ్ణి చూసి ప్రహ్లాద బడికి వెళ్ళొచ్చు. బండ మీది గీతలు ప్రహ్లాదుడు దిద్దిన అక్షరాలని చెబితే పిల్లలు అక్కణ్ణుంచి కదలరు.

6. దిగుడు

మధ్యాహ్నం రెండింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగండి. నాలుగింటికి గుడి చేరిపోవాలి, నల్లమల లోయల్లో కొండనీడ తొందరగా పడుతుంది, ఇది పులులు తిరిగే అడవి. చిన్న చిన్న అంగలు వేస్తూ, మోకాళ్ళు కాస్త వంచి, ఏటవాలులో వంకరటింకరగా దిగండి. కర్ర ముందు, అడుగు తర్వాత. ఎక్కడైనా చీలమండ మడతపడితే బూటు విప్పకండి, వాపు వస్తే మళ్ళీ ఎక్కదు. బూటు మీదినుంచే క్రేపు బ్యాండేజీ చుట్టి నెమ్మదిగా దించండి.

7. మర్నాడు

తొడల నొప్పి రెండో రోజే ఎక్కువ. ఆ రోజుకి పావన నరసింహుడి జీపు ప్రయాణం పెట్టుకోకండి. అడవిదారి కుదుపులు నడుముకు పడతాయి, గర్భిణులు అసలే ఎక్కకూడదు. దిగువ గుడిలో ప్రహ్లాదవరదుణ్ణి, మండపాల స్తంభాల శిల్పాల్ని తీరిగ్గా చూసి, ఛత్రవట నరసింహుడి దగ్గరికి ఆటోలో వెళ్ళండి. హాహా, హూహూ అనే గంధర్వుల పాట వింటూ స్వామి ఎడమచేత్తో తాళం వేస్తున్నట్టు ఉంటాడక్కడ. ఆ చెయ్యి పిల్లలకు చూపించండి.