కరివేపాకు లోపలికి, జునిపెర్ బయటికే

అమెరికాలో గార్డెన్ సెంటర్లలో, మాల్ స్టాళ్లలో, రోడ్డు పక్కన వ్యాన్ ఆపుకుని బోన్సాయ్ అని అమ్మేవాటిలో చాలావరకు ఒకే మొక్క: జునిపెరస్ ప్రొకంబెన్స్ నానా, వాడుకలో జునిపెర్. పుట్టిల్లు జపాన్, నేల మీద పాకుతూ పెరిగే రకం, ముట్టుకుంటే గుచ్చుకునే పొట్టి ఆకులు. పుట్టినరోజు గిఫ్ట్‌గానో, సరదా పుట్టి కొనుక్కునో మనవాళ్ల ఇళ్లలోకి వస్తుంది. అమ్మేవాళ్లు చెప్పేది రెండే ముక్కలు, ఆఫీసు టేబుల్ మీద పెట్టుకోండి, వారానికోసారి నీళ్లు పొయ్యండి అని. రెండూ తప్పే.

ముందు ఈ ఒక్కటి చూసుకోండి, మిగతావి తరవాత: ఇది ఇంట్లో బతకదు. కిటికీ పక్కన పెట్టినా అంతే. దీనికి నేరుగా తగిలే ఎండ, గాలి కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఏటా చలికాలం కావాలి. చలి తగిలితేనే పెరగడం ఆపి విశ్రాంతి తీసుకుంటుంది, ఆ విశ్రాంతి లేకుండా హీటర్ గాలిలో ఏడాది పొడవునా ఉంచితే నీరసించి పోతుంది. మనకున్న ఇబ్బంది ఏంటంటే కరివేపాకు మొక్క. అక్టోబర్ రాగానే దాన్ని లోపలికి తెచ్చే అలవాటులో పక్కనున్న దీన్నీ తెచ్చేస్తాం. తేవద్దు. బాల్కనీలో రోజుకు కనీసం నాలుగైదు గంటల ఎండ పడకపోతే, ఉత్తరం వైపు అపార్ట్‌మెంట్ అయితే, జునిపెర్ కొనకపోవడమే మేలు, ఇంట్లో పెట్టుకోవడానికి మర్రి జాతికి చెందిన ఫైకస్ తీసుకోండి.

ఇంకో చిక్కు, ఇది చచ్చిపోయిన సంగతి మీకు వెంటనే తెలియదు. కొట్టేసిన క్రిస్మస్ చెట్టు వారాల తరబడి పచ్చగా ఉన్నట్టే ఇదీ వేర్లు పోయాక నెల, రెండు నెలలు పచ్చగానే కనిపిస్తుంది. ఆకుల్లో నిగనిగ తగ్గి బూడిద కలిసిన పచ్చలోకి మారి, వేలితో రాస్తే పొడిపొడిగా రాలుతుంటే చాలావరకు అయిపోయినట్టే. అనుమానంగా ఉంటే కొమ్మ బెరడును గోటితో కొంచెం గీకండి, లోపల తడిగా పచ్చగా ఉంటే ప్రాణం ఉంది, గోధుమ రంగులో ఎండిపోయి ఉంటే లేదు. చలికాలంలో ఆకులు కాస్త రాగి రంగుకో ఊదా రంగుకో తిరిగితే మాత్రం టెన్షన్ పడొద్దు, వసంతంలో మళ్లీ పచ్చబడతాయి.

నీళ్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ల చేతిలో ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. రోజూ పోయాలా, రెండు రోజులకోసారా అనే లెక్క పెట్టుకోవద్దు. కుండీ సైజు, మట్టి, ఎండ, గాలి అన్నీ కలిసి అది రోజుకో రకంగా ఉంటుంది. రోజూ చూడాలి, కానీ రోజూ పొయ్యక్కర్లేదు. ఒక వెదురు పుల్లను మట్టిలో రెండంగుళాలు గుచ్చి ఉంచండి, పొద్దున తీసి చూస్తే తడి ఎంతవరకు ఉందో దాని మీదే కనిపిస్తుంది. పైన అంగుళం ఆరి, లోపల ఇంకా కాస్త తడి ఉన్నప్పుడు పొయ్యాలి. పోసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు, అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోసి, కాసేపాగి ఇంకోసారి పొయ్యండి. కింద ప్లేటులో నీళ్లు నిలిస్తే పారబోయండి. డల్లాస్ జూలైలో పొద్దున, సాయంత్రం రెండుసార్లూ పోయాల్సి రావచ్చు, మధ్యాహ్నం కాస్త నీడ కూడా కావాలి. కొన్న మొక్క మట్టి మీద గులకరాళ్లు జిగురుతో అంటించి ఉంటాయి చూడండి, అవి ముందు ఊడదీయండి. ఆ పొర మీద పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి తప్ప వేర్లకు అందవు. పూర్తిగా ఎండిపోయిన కుండీని బకెట్ నీళ్లలో మట్టి పైదాకా ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచితే సరి.

చలికాలం సంగతి ఊరిని బట్టి. నేలలో ఉన్న చెట్టు న్యూజెర్సీ చలిని సులువుగానే తట్టుకుంటుంది, కుండీలో ఉన్నదానికి మాత్రం అన్ని వైపుల నుంచీ చలి వేర్లకు తగులుతుంది. పెరడుంటే నవంబర్‌లో కుండీతో సహా అంచుదాకా నేలలో పాతి, చుట్టూ ఎండుటాకులో బెరడు ముక్కలో కప్పండి, ఈదురుగాలి తగలని చోట. లేదంటే హీటింగ్ లేని గరాజ్. అప్పుడు నిద్రలో ఉంటుంది కాబట్టి వెలుగు పెద్దగా అక్కర్లేదు, మట్టి ఎండిపోకుండా అప్పుడప్పుడు చూస్తే చాలు. హ్యూస్టన్ లాంటి చోట్ల బయటే వదిలెయ్యొచ్చు, బాగా గడ్డకట్టే ఆ రెండు మూడు రాత్రులు గరాజ్‌లో పెడితే సరిపోతుంది.

ఇక కత్తెర. కొనగానే వీడియోలు చూసి కొమ్మలు నరికి, వాటిని వంచడానికి లోహపు తీగ చుట్టి, కుండీ మార్చి, అన్నీ ఒక్క ఆదివారంలో కానిచ్చేస్తారు. మొదటి ఏడాది మొక్కను బతికించడమే మీ పని. తరవాత కూడా సీజన్‌కు ఒక పెద్ద పని చాలు. కత్తిరించేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది, కొమ్మ మీద పచ్చదనం మొత్తం తీసేస్తే ఆ మోడు మళ్లీ చిగురించదు. అందుకని పొడుగెక్కిన రెమ్మను పక్క రెమ్మ మొదలయ్యే చోటికి వెనక్కి కత్తిరించండి, ఎప్పుడూ కొంత పచ్చ మిగలాలి. చిగుళ్లన్నీ గోళ్లతో గిల్లే పాత పద్ధతి ఒకటుంది, దానివల్ల చివర్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, మొక్క బలమంతా ఆ చిగుళ్లలోనే ఉంటుంది కాబట్టి నీరసపడుతుంది కూడా. కింద వేలాడే రెమ్మలు, నీడలో ఎండిన ఆకులు తీసేస్తే గాలి ఆడుతుంది, మొదట్లో ఆ మాత్రం చాలు. అల్యూమినియం తీగ చుట్టినప్పుడు నెలకోసారి దగ్గరగా చూడండి, బెరడులోకి దిగుతున్నట్టు అనిపిస్తే విప్పదీయకుండా ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీయండి.

కుండీ మార్చడం రెండు మూడేళ్లకోసారి, వసంతం మొదట్లో. వేర్లలో మూడో వంతుకు మించి కొయ్యొద్దు, పాత మట్టంతా కడిగేసి వేర్లను బోడి చెయ్యొద్దు. మట్టి అంటే పెరటి మట్టి కాదు, నీళ్లు గబగబా దిగిపోయే గింజల్లాంటి మిశ్రమం: అకడామా (జపాన్ బంకమట్టి గుళికలు), ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), లావా రాయి. ఖరీదనుకుంటే పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు), పైన్ బెరడు ముక్కలు కలిపినా పనవుతుంది.

పురుగుల్లో అసలు శత్రువు ఎర్రనల్లి. కంటికి సరిగా ఆనదు. తెల్ల కాగితం కింద పట్టి కొమ్మను తట్టండి, రాలిన చుక్కలు కదులుతుంటే అవే. వేడిగా, పొడిగా ఉన్న రోజుల్లో ఎక్కువ వస్తాయి. పైపుతో ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టడం, కొన్ని రోజులకోసారి మళ్లీ కొట్టడం మొదటి మందు, తగ్గకపోతే చల్లబడ్డాక సాయంత్రం పూట వేపనూనె.

హైదరాబాద్, విజయవాడల్లో ఉండి ఇది చదువుతుంటే నా సలహా వేరు. నర్సరీల్లో జునిపెర్ దొరుకుతుంది, కొందరు చక్కగా పెంచుతారు కూడా, కానీ మే ఎండల్లో కొత్తవాళ్లకు అది తలనొప్పే. మొదట మర్రి మొక్కో, రావి మొక్కో, జేడ్ మొక్కో పట్టుకోండి.

ఇండియా ట్రిప్పు సంగతి చాలామంది ఆలోచించరు. డిసెంబర్‌లో అయితే నేలలో పాతిన మొక్క మూడు నాలుగు వారాలు వానకో మంచుకో వదిలేసినా సాధారణంగా ఏమీ కాదు, గరాజ్‌లో ఉంటే మాత్రం వెళ్లేముందు నిండుగా తడిపి, తాళం చెవి ఇచ్చేవాళ్లను మధ్యలో ఒకసారి చూడమనండి. వేసవి సెలవులకు వెళ్తే ఎవరో ఒకరు రోజూ చూడాల్సిందే, వాళ్లకు వెదురు పుల్ల ఎలా చూడాలో ముందే చేసి చూపించండి, పాపం జాలిపడి లోపలికి తెచ్చి పెట్టొద్దని కూడా చెప్పండి.